దర్రీ కొన్న జర్మనీ ఆవిడ "నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారు" అని అడుగుతోంది, ఏం రాయాలి?

మగ్గం_ఇల్లు

మాది వరంగల్ కొత్తవాడ. నాన్న దర్రీలు, అంటే నేల మీద పరుచుకునే జంపఖానాలు, నేస్తారు, అమ్మ కండెలు చుడుతుంది. మావే కాక చుట్టుపక్కల ఇంకో తొమ్మిది ఇళ్లవాళ్లు నేసినవి కూడా తీసుకుని నేను ఆన్‌లైన్‌లో అమ్ముతాను. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక బయటివాళ్లు పేరు పెట్టి వెతకడం మొదలైంది. ఆ ధైర్యంతోనే రెండేళ్ల కింద సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాం. నెలకు ఇరవై దాకా ఆర్డర్లు, అందులో రెండో మూడో విదేశాలవి.

పోయిన సోమవారం జర్మనీ నుంచి ఒకావిడ మెయిల్ పంపింది. మొన్న చలికాలంలో నాలుగు బై ఆరు ఎరుపు నీలం దర్రీ కొన్నావిడ. సబ్జెక్టులో ఆర్డర్ నంబర్ చూసి రంగు పోయిందేమో అని భయం భయంగా తెరిచాను. రంగు పోయినా బాగుండేది, దానికేం చెప్పాలో నాకు తెలుసు. ఆవిడ అడిగింది వేరే. నా గురించి మీ దగ్గర ఏమేం ఉంది, అవి ఎవరెవరికి వెళ్లాయి, వాళ్ల పేర్లతో సహా చెప్పండి అంది. మీ సైట్ తెరవగానే కుకీల గురించి కింద ఒక పట్టీ వస్తుంది కదా, దాని మీద 'సరే' తప్ప 'వద్దు' ఎందుకు లేదు అని కూడా అడిగింది. మర్యాదగానే రాసింది. కానీ చివర్లో జీడీపీఆర్, ఆర్టికల్ 15 అని ఉంది. అది చూశాక రాత్రి అన్నం సయించలేదు.

సైట్ చేసిపెట్టిన అబ్బాయికి ఫోన్ చేశాను. "అక్కా, అందరు గట్లనే పెడ్తరు, ఏం గాదు" అన్నాడు.

జర్మనీ చట్టం కొత్తవాడలో ఉన్న మాకు వర్తిస్తుందా? మన దగ్గర కూడా 2023లో ఏదో చట్టం వచ్చిందంటున్నారు, అందులో ఈ కుకీల సంగతి ఉందా? మేమైతే ఎవరి నంబర్లూ ఎవరికీ అమ్మలేదు. "మీ వివరాలు ఎవరికీ ఇవ్వలేదు" అని ఒక్క లైన్ రాసి పంపితే సరిపోతుందా?

కాజీపేట_కోడ్

అక్కా, ఆ ఒక్క లైన్ మాత్రం పంపకండి. మీరు నాకు విడిగా మెసేజ్‌లో పంపిన లింక్ తెరిచి చూశాను. మీరు ఇవ్వలేదు, నిజమే. మీ సైట్ ఇస్తోంది.

మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మీ సైట్‌కు వెళ్లండి. ఏదీ నొక్కకుండా ఎఫ్12 కొడితే పక్కన ఒక డబ్బా తెరుచుకుంటుంది. అందులో 'అప్లికేషన్'కి వెళ్తే కుకీలు, అంటే చూసేవాళ్ల కంప్యూటర్‌లో సైట్ దాచే చిన్న గుర్తులు, కనిపిస్తాయి. 'సరే' నొక్కకముందే నాకు అక్కడ నాలుగు ఉన్నాయి. ఒకటి మీ కార్ట్‌ది. అది లేకపోతే బుట్టలో వేసిన దర్రీ పేజీ మారగానే మాయమవుతుంది, కాబట్టి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'జీఏ'తో మొదలయ్యేవి రెండు గూగుల్ అనలిటిక్స్‌వి, సైట్‌కు ఎవరొచ్చారో లెక్కపెట్టేవి, వాటికి పెట్టే గడువు రెండేళ్లు, క్రోమ్ 400 రోజులకు కుదిస్తుంది. 'ఎఫ్‌బీపీ' ఫేస్‌బుక్ పిక్సెల్‌ది, ఎవరు ఏం చూశారో ప్రకటనల కోసం అటు చెప్పేది, మూడు నెలలు. మీ పట్టీ చేస్తున్న పని ఎలా ఉందంటే, ఇంట్లోకొచ్చి సోఫాలో కూర్చున్నాక "లోపలికి రావచ్చా" అని అడిగినట్టు.

ఇంకోటి. తెలుగులో మీ దుకాణం పేరు 'మండలి' ఫాంట్‌లో పెట్టారు, చాలా బాగుంది. కానీ ఆ ఫాంట్ ఫైలు గూగుల్ సర్వర్ నుంచి వస్తోంది, అంటే మీ పేజీ తెరిచిన ప్రతి మనిషి ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో వాళ్లను గుర్తించే నంబరు, అటు వెళ్తోంది. 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒకటి సరిగ్గా ఈ పనికే ఒక సైట్ నడిపేవాళ్లను 100 యూరోలు కట్టమంది. ఫాంట్ ఉచితమే, దింపుకుని మీ సర్వర్‌లో పెట్టుకుంటే పది నిమిషాల పని. మగ్గం వీడియో కూడా అంతే. ఇప్పుడు పేజీతో పాటే యూట్యూబ్ లోడ్ అవుతోంది. అక్కడ మామూలు ఫొటో పెట్టి, నొక్కినప్పుడే వీడియో వచ్చేలా చేయించండి.

ఒక మాట అడుగుతాను. ఆ అనలిటిక్స్ రిపోర్టు మీరు ఎప్పుడైనా తెరిచి చూశారా?

అదాలత్_అడ్వకేట్

మేడమ్, హన్మకొండలో ప్రాక్టీస్ చేస్తాను. పైన తమ్ముడు చెప్పింది సరిగ్గా ఉంది, చట్టం సంగతి నేను చెబుతాను.

వర్తిస్తుంది. జీడీపీఆర్ ఒక్క జర్మనీది కాదు, యూరోపియన్ యూనియన్ మొత్తానికీ ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. తన వివరాలు అడిగే హక్కు అందులో ఆర్టికల్ 15. వర్తించేది మీ సైట్ జర్మనీలో తెరుచుకుంటుంది కాబట్టి కాదు. మీరు ధరలు యూరోల్లో చూపిస్తున్నారు, యూరప్‌కు పంపుతామని రాశారు. అక్కడి మనుషులకు అమ్మాలన్న ఉద్దేశం ఇలా కనిపిస్తే చాలు, దుకాణం ఏ దేశంలో ఉన్నా ఆ చట్టం కిందికి వస్తుంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. ఆవిడ మెయిల్ అందిన నాటి నుంచి నెలలోపు జవాబివ్వాలి, ఫీజు అడగకూడదు. "కొరియర్ సంస్థలకు, సాంకేతిక సేవల వారికి" అని గుండుగుత్తగా రాస్తే కుదరదు. ఆస్ట్రియా పోస్టల్ సంస్థ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2023 జనవరి 12న ఇదే తేల్చింది: ఎవరికి ఇచ్చారని మనిషి అడిగితే పేర్లే చెప్పాలి.

కుకీల నియమం అక్కడ దీనికంటే పాతది, 2002 నాటి ఆదేశం, 2009లో సవరించారు. పనికి తప్పనిసరి అయినవి తప్ప మిగతా ఏ కుకీ పెట్టాలన్నా ముందే అడగాలి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడి ఒప్పుకోలు కాదని 2019 అక్టోబర్ 1న తీర్పొచ్చింది. కాదనడం అవుననడం అంత సులువుగా ఉండాలి. అలా లేదని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. పిక్సెల్ పెట్టింది డెవలపర్, తీసుకునేది ఫేస్‌బుక్, మధ్యలో నాకేం సంబంధం అనుకుంటారేమో. 2019 జూలైలో తేలిన కేసు చూడండి. జర్మనీలో ఒక బట్టల దుకాణం తన సైట్‌లో లైక్ బటన్ పెట్టుకుంది. ఆ బటన్ గుండా వివరాలు సేకరించి అటు పంపడం వరకు దుకాణానికీ బాధ్యత ఉందని అదే న్యాయస్థానం చెప్పింది.

ఇక మన చట్టం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 'కుకీ' అన్న మాట ఎక్కడా లేదు. కానీ కుకీ ద్వారా వచ్చింది ఫలానా మనిషిదని గుర్తుపట్టేలా ఉంటే అది వ్యక్తిగత డేటాయే, అప్పుడు ఒప్పుకోలు నియమాలన్నీ దానికీ పడతాయి. స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, షరతు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలుండాలి, అంటే తెలుగు కూడా. ఎవరెవరితో పంచుకున్నారో పేర్లు అడిగే హక్కు ఇందులోనూ ఉంది, 11వ సెక్షన్. నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ఈ బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే నాటికి ఇక్కడి కస్టమర్ కూడా ఇదే మెయిల్ రాయొచ్చు. పేపర్లలో కనిపించే 250 కోట్లు గరిష్ఠ పరిమితి, అదీ భద్రత గాలికొదిలేసినందుకు. ఆ అంకె చూసి నిద్ర చెడగొట్టుకోకండి.

ఒకటి గుర్తుంచుకోండి. పంచుకున్న ప్రతిదానికీ ఒప్పుకోలు అక్కర్లేదు. పార్శిల్ చేరాలంటే చిరునామా పోస్టాఫీసుకు ఇవ్వక తప్పదు, దానికి విడిగా అనుమతి అడగరు. కానీ ఇచ్చామని మాత్రం చెప్పాలి. ఆ రెండింటినీ కలిపేసుకునే చాలామంది ఒకే 'సరే' బటన్ పెట్టి చేతులు దులుపుకుంటారు.

ముందు ఒక కాగితం తీసుకుని ఆ ఒక్క ఆర్డర్ ఎక్కడెక్కడ తిరిగిందో రాయండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఎనుమాముల_మిర్చి

చెల్లె, గింత లొల్లి అవసరమా? మా మిర్చి యార్డుల రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎన్ని బస్తాలు, ఎంత రేటు, అన్నీ అమ్మకం చీటీ, గదే తక్‌పట్టీ మీదనే ఉంటయి. సాయంత్రం అయితే తక్‌పట్టీలు గాలికి ఎగురుతుంటయి. ఏ రైతన్నా ఎవరికిచ్చినవ్ అని అడిగిండా? ఆమెకు డబ్బులు వాపస్ ఇచ్చి దండం పెట్టు.

అదాలత్_అడ్వకేట్

అన్నా, డబ్బులు వాపసిచ్చినా ఆవిడ ప్రశ్న అలాగే ఉంటుంది. కాగితం మీదున్నంత వరకు మీ తక్‌పట్టీ మన చట్టం కిందికి రాదు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి గుమాస్తాకు వాట్సాప్ చేశారా, వస్తుంది. చేస్తున్నారా లేదా మీకే తెలియాలి.

ఎనుమాముల_మిర్చి

చేస్తున్న. రోజూ.

మగ్గం_ఇల్లు

నిన్న రాత్రి అమ్మ కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాశాను. ఐదారు పేర్లు వస్తాయనుకున్నాను. పదమూడు దగ్గర ఆపి, లేచి నీళ్లు తాగి వచ్చి మళ్లీ రాశాను.

సైట్ ఉన్న సర్వర్ కంపెనీ. డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే. ఆర్డర్ రాగానే మెయిల్ వచ్చే ఖాతా. పోస్టాఫీసు, కస్టమ్స్ ఫారం, అక్కడి పోస్టు. బిల్లు చూసే మా ఆడిటర్ గారు. పైన తమ్ముడు చెప్పిన అనలిటిక్స్, పిక్సెల్, ఫాంట్, వీడియో. ఇవన్నీ సరే, రాయడానికి ఇబ్బంది లేదు.

ఇబ్బంది వాట్సాప్ దగ్గర మొదలైంది. 'కొత్త డిజైన్లు' అని నాకో గ్రూపు ఉంది, అందులో 140 మంది కస్టమర్లు. మీరు చేరతారా అని ఎవరినీ అడగలేదు, నంబర్ ఉంది కదా అని నేనే చేర్చేశాను. జర్మనీ ఆవిడ కూడా అందులోనే ఉంది. అంటే మహబూబాబాద్‌లో దర్రీ కొన్నాయనకు ఆవిడ నంబర్ కనిపిస్తుంది, ఆవిడకు ఆయనది. ఇది "ఇవ్వడం" అని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

తర్వాత షీట్. ఆర్డర్లన్నీ గూగుల్ షీట్‌లో రాస్తాను. పైన షేర్ దగ్గర నొక్కితే 'లింక్ ఉన్న ఎవరైనా' అని ఉంది. ప్యాకింగ్‌కు ఒక అబ్బాయి వచ్చేవాడు, అతని కోసం పెట్టాను. అతను మానేసి ఏడాది దాటింది. మంచి పిల్లాడే, అతని మీద అనుమానం కాదు. కానీ ఆ లింక్ అతని పాత ఫోన్‌లో ఉంది, ఆ ఫోన్ అమ్మేశాడని మొన్న వాళ్లమ్మే చెప్పింది. 412 మంది పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్లు.

ఆఖరి కాలమ్ పేరు 'నోట్'. అది నా కోసం రాసుకునేది. తెలుగులోనే రాస్తాను. "బేరం ఎక్కువ ఆడతారు." "భర్త పోయారు, ముదురు రంగులు వద్దన్నారు." "అత్తగారు ఒప్పుకుంటేనే కొంటారట." చదువుతుంటే నా మీద నాకే చిరాకేసింది, సగం నవ్వూ వచ్చింది. జర్మనీ ఆవిడ లైన్‌లో ఏముందో చెప్పనా? "పార్శిల్ ఎక్కడుందని నాలుగుసార్లు అడిగింది. ఓపిక లేదు."

వకీలు గారూ, ఇది కూడా చెప్పాలా? తుడిచేసి జవాబు రాయొచ్చా?

అదాలత్_అడ్వకేట్

తుడవకండి. ఆవిడ అడిగిన రోజుకు మీ దగ్గర ఏముందో అది చెప్పాలి, అడిగాక చెరిపేసి 'ఏమీ లేదు' అనడం అసలు తప్పుకంటే పెద్ద తప్పు. మనిషి గురించి మీరు రాసుకున్న అభిప్రాయం కూడా ఆ మనిషి డేటాయే. అనువాదం చేసి పెట్టండి. జవాబు వెళ్లాక ఆ కాలమ్ ఉంచాలో తీసేయాలో మీ ఇష్టం, నన్నడిగితే తీసేయండి.

షీట్ లింక్ మాత్రం ఈ క్షణమే మూసేయండి, మూసిన తేదీ, సమయం రాసి పెట్టుకోండి. ఎవరైనా బయటివాళ్లు చూసి ఉంటే అది డేటా ఉల్లంఘన లెక్కే. యూరప్ చట్టంలో మనుషులకు ముప్పు ఉండే అవకాశం ఉంటే 72 గంటల్లో అక్కడి అధికారులకు చెప్పాలి, ముప్పు లేదనుకుంటే ఎందుకు లేదనుకున్నారో రాసి ఉంచుకోవాలి. మన కొత్త చట్టం ఈ విషయంలో ఇంకా గట్టిది, చిన్నదా పెద్దదా అన్న తేడా లేకుండా ప్రతి ఉల్లంఘనా డేటా రక్షణ బోర్డుకూ సంబంధిత మనుషులకూ చెప్పమంటుంది. మీ షీట్ గురించి ఆవిడకు జవాబులోనే దాచకుండా రాయండి. అధికారులకు చెప్పాలా వద్దా అన్నది షీట్ మొత్తం చూస్తే గానీ తేల్చలేం, రేపు సాయంత్రం లోపు కోర్టు దగ్గరికి రండి, లేదా ఫోన్ చేయండి. ఆ గంటల లెక్క మీకు తెలిసినప్పటి నుంచే మొదలవుతుంది.

రాసింది ఆవిడేనా అన్నది కూడా చూసుకోండి. ఆర్డర్ ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే వచ్చిందంటే చాలు, పాస్‌పోర్టు కాపీ అడగకండి. షీట్ స్క్రీన్‌షాట్ పంపితే పైన కింద ఉన్న వేరేవాళ్ల వరుసలు కూడా పోతాయి, ఆవిడ వరుస ఒక్కటే విడిగా రాసి పంపండి.

జనగామ_ఆడిటర్

అమ్మా, ఊపులో బిల్లులు కూడా తుడిచేస్తారేమో అని రాస్తున్నాను. ఆవిడ రేపు 'నా వివరాలన్నీ తీసేయండి' అన్నా జీఎస్టీ రికార్డులు తీయడానికి లేదు. ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మన డేటా చట్టం దీనికి ఒప్పుకుంటుంది, వేరే చట్టం ఉంచమన్నది ఉంచొచ్చు. బిల్లులో పేరు, చిరునామా, మొత్తం ఉంటాయి, ఓపిక సంగతి ఉండదు.

మీ ఆడిటర్‌కు బిల్లులు ఎలా పంపిస్తున్నారు? ఫొటోలు తీసి వాట్సాప్‌లోనా? నా క్లయింట్లు అందరూ అదే పని. నా ఫోన్ గ్యాలరీలో మా మనవరాలి ఫొటోలకంటే ఊరివాళ్ల ఆధార్ కార్డులే ఎక్కువ ఉన్నాయి. నేనూ ఈ ఆదివారం కూర్చోవాలి.

మగ్గం_ఇల్లు

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, పది రోజులుగా ఇదే పని.

షీట్ ఆ రాత్రే మూశాను. మర్నాడు వకీలు గారిని కలిశాను, ఆయన చెప్పినట్టే కాగితాలు రాసి పెట్టాను. గ్రూపు తీసేసి, ఒకరి నంబర్ ఒకరికి కనిపించని బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేశాను. మా నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది వెళ్తుందని తర్వాత తెలిసింది. 140 మందిలో నలభై మందికి కూడా చేరినట్టు లేదు. కొంచెం బాధేసింది కానీ, అంటే మిగతా వంద మంది మా నంబర్ సేవ్ కూడా చేసుకోకుండా రెండేళ్లు నా మెసేజ్‌లు భరించారన్నమాట.

కాజీపేట తమ్ముడు అడిగిన దానికి జవాబు: అనలిటిక్స్ రిపోర్టు తెరిచింది రెండుసార్లు. ఒకసారి అది ఏంటో చూద్దామని, ఇంకోసారి పొరపాటున. అనలిటిక్స్ తీయించేశాను, పిక్సెల్ కూడా. ఫాంట్ మా సర్వర్‌లోకి వచ్చింది, మగ్గం వీడియో నొక్కితేనే వస్తుంది. ఇప్పుడు ఎఫ్12 కొడితే కార్ట్ కుకీ ఒక్కటే. అడగాల్సిందేమీ లేదు కాబట్టి ఆ పట్టీ కూడా తీసేశాం. దాని బదులు 'మీ వివరాలు ఎక్కడికి వెళ్తాయి' అని ఒక పేజీ, తెలుగులో, ఇంగ్లిష్‌లో. సైట్ చేసిన అబ్బాయి "అక్కా, బ్యానర్ లేకుంటే సైటు బోసిగ కొడ్తది" అన్నాడు.

నాన్నకు చెప్పడమే కష్టమైంది. విదేశీ పార్శిల్ కట్టిన ప్రతిసారీ దాని మీద పేరు, అడ్రసు కనిపించేలా ఫొటో తీసి స్టేటస్ పెడతారు. అది ఆయన గొప్ప, మేం నేసింది జర్మనీ పోతోందని. కాదనలేక పోయాను. ఇప్పుడు పార్శిల్ తిప్పి వెనకవైపు ఫొటో తీస్తున్నారు, గోనె సంచి కుట్లు మాత్రమే కనిపిస్తాయి. "గిది సూస్తె ఏడికి పోతుందో ఎవరికి తెలుస్తది" అని రోజూ గొణుగుతారు. కింద 'జర్మనీ' అని రాసుకోమన్నాను.

జవాబు రెండు పేజీలు వచ్చింది. నోట్‌బుక్‌లో రాసిన పేర్లన్నీ, గ్రూపు సంగతి, షీట్ సంగతి, చివర్లో ఆ నోట్ అనువాదం. 'ఓపిక లేదు' అన్న మాటను ఇంగ్లిష్‌లో కొంచెం మెత్తగా రాద్దామని చాలాసేపు చూశాను, తర్వాత ఉన్నదున్నట్టే రాసి క్షమించమన్నాను.

మూడో రోజు ఆవిడ మెయిల్ వచ్చింది. షీట్ గురించి ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది, వాటికి వకీలు గారితో కలిసి రాస్తున్నాను. నోట్ గురించి మాత్రం ఒక్క లైనే. పార్శిల్ గురించి నాలుగుసార్లు కాదు ఐదుసార్లు అడిగానని, తప్పుగా ఉన్న వివరం సరిచేయమని అడిగే హక్కు తనకుందని, దయచేసి దిద్దమని. మెయిల్స్ లెక్కపెట్టాను. ఐదే. దిద్ది, దిద్దానని ఆవిడకు రాసి, అప్పుడు తీసేశాను కాలమ్.